పాత ఎలక్ట్రిక్ కారు కొనేముందు నాడి పట్టి చూడటం ఎలా

పాత పెట్రోలు కారు కొనడానికి వెళ్తే ఏం చూడాలో మనకు కొంత తెలుసు. బానెట్ ఎత్తి ఇంజిన్ చప్పుడు వింటాం, సైలెన్సర్ పొగ రంగు చూస్తాం, డిప్‌స్టిక్ లాగి ఆయిల్‌ని వేళ్ల మధ్య రుద్ది చూస్తాం. ఎలక్ట్రిక్ కారు దగ్గర ఈ విద్యలేవీ పనికిరావు. స్టార్ట్ చేస్తే చప్పుడుండదు, పొగ అసలే లేదు. ఎనిమిదేళ్ల కారు కూడా కొత్తదానిలా మెత్తగా కదులుతుంది. దాని కష్టం అది చెప్పుకోదు, మనమే అడిగి రాబట్టాలి.

ఒక్క కారు కొనడానికి నేను నాలుగు కార్లు చూశాను, మూడు వదిలేశాను. ఎందుకు వదిలేశానో సందర్భం వచ్చినప్పుడు చెప్తాను.

ముందు మీ కిలోమీటర్లు రాసుకోండి

కార్ల ప్రకటనలు తెరవకముందే చేయాల్సిన పని ఇది. రెండు వారాలపాటు రోజుకు ఎంత తిరుగుతున్నారో ఎక్కడైనా రాసుకోండి. సగటు తీయకండి, బాగా ఎక్కువ తిరిగిన రోజు అంకె తీసుకోండి. కారు చాలలేదని తెలిసేది ఆ రోజే కదా.

ఇప్పుడు కంపెనీ చెప్పిన రేంజ్ సంగతి. రేంజ్ కొలిచే పద్ధతులు వేరువేరు. రెండో తరం నిస్సాన్ లీఫ్‌లో 40 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారునే తీసుకోండి. పాత యూరప్ పద్ధతి ఎన్‌ఈడీసీ ప్రకారం 378 కిలోమీటర్లు, తర్వాత వచ్చిన డబ్ల్యూఎల్‌టీపీ ప్రకారం 270, అమెరికా ఈపీఏ లెక్కలో సుమారు 243. కారు అదే, బ్యాటరీ అదే. అమ్మేవాడు ఏ అంకె చెప్తాడో వేరే చెప్పక్కర్లేదు. అందుకే రేంజ్ ఎంత అని అడిగి ఊరుకోకుండా, ఏ పద్ధతిలో కొలిచిన రేంజో కూడా అడగండి. (ఇక్కడ యూనిట్ అంటే కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే, కిలోవాట్ అవర్.)

ఆ 243తోనే లెక్క వేద్దాం. బ్యాటరీ ఆరోగ్యం 85 శాతానికి దిగిందనుకుంటే మిగిలేది దాదాపు 205 కిలోమీటర్లు. రోజూ 80 శాతం వరకే చార్జ్ చేసి, 15 శాతం దగ్గర మళ్లీ ప్లగ్ పెట్టేవాళ్లకు చేతికొచ్చేది అందులో 65 శాతం, అంటే 130 పైచిలుకు. మీరు బాగా ఎక్కువ తిరిగే రోజు 90 కిలోమీటర్లే అయితే ఈ కారు మీకు హాయిగా సరిపోతుంది. 15 శాతం అరిగిన బ్యాటరీ అని భయపడి పారిపోవాల్సిన పని లేదు, ఆ 15 శాతం ధరలో కనిపిస్తే చాలు. అదే మీకు రోజూ 160 కావాలంటే, ఎంత చవగ్గా వచ్చినా ఈ కారు మీది కాదు.

రాత్రి కారు నిలిపే చోట ప్లగ్ ఉందా లేదా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. మామూలు సాకెట్ నుంచి గంటకు 2 యూనిట్ల పైన ఎక్కుతుంది, పది గంటల్లో 20 పైనే. చాలామందికి అది ధారాళంగా సరిపోతుంది. ఇంట్లో గానీ ఆఫీసులో గానీ ప్లగ్ లేకుండా, బయటి చార్జర్లనే నమ్ముకుని పాత ఎలక్ట్రిక్ కారు కొనమని మాత్రం నేను ఎవరికీ చెప్పను.

కారు దగ్గరికి వెళ్లకముందే, ఫోన్ మీద

మోడల్ పేరు ఒకటే అయినా సంవత్సరాన్ని బట్టి లోపలి సరుకు మారిపోతుంది. కాబట్టి తయారైన సంవత్సరం, బ్యాటరీ సైజు, అది ఏ రసాయనంతో చేసినది, దాన్ని చల్లబరిచే ఏర్పాటు ఏమిటి, చార్జింగ్ సాకెట్ ఏ రకం అన్నవి ముందే కనుక్కోండి.

ఈ కార్లలో వాడే లిథియం బ్యాటరీలు ప్రధానంగా రెండు రకాలు. నికెల్ ఉన్న ఎన్‌ఎమ్‌సీ బ్యాటరీ తక్కువ బరువులో ఎక్కువ కరెంటు పట్టుకుంటుంది. కానీ నిండా చార్జ్ చేసి ఎండలో వదిలేస్తే త్వరగా ముసలిదైపోతుంది. ఇనుము, ఫాస్ఫేట్‌తో చేసిన ఎల్‌ఎఫ్‌పీ ఎక్కువసార్లు చార్జింగ్‌ని తట్టుకుంటుంది. అయితే గడ్డకట్టే చలిలో చార్జ్ ఎక్కడానికి మొండికేస్తుంది. ఎల్‌ఎఫ్‌పీతో ఇంకో తిరకాసు ఉంది. అందులో చార్జ్ తగ్గుతున్నా వోల్టేజీ పెద్దగా మారదు కాబట్టి, అప్పుడప్పుడు నూరు శాతం నింపకపోతే ఎంత మిగిలిందో కారుకే సరిగ్గా తెలియదు. రోజూ నూరు నింపేవాణ్ణి అని యజమాని చెప్తే, ఎన్‌ఎమ్‌సీ కారైతే కాస్త ఆలోచించాలి, ఎల్‌ఎఫ్‌పీ అయితే ఫర్వాలేదు.

చల్లబరిచే ఏర్పాటు విషయంలో లీఫ్ చరిత్ర తెలుసుకుంటే మంచిది. 2010 చివర్లో వచ్చిన ఆ కారు బ్యాటరీకి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు పెట్టలేదు. అరిజోనా లాంటి వేడి ఎడారి ప్రాంతాల్లో 2012 నాటికే బ్యాటరీలు తగ్గిపోతున్నాయని యజమానులు గగ్గోలు పెట్టారు. 2018 మోడల్లో కూడా ఒకే రోజు రెండు మూడుసార్లు ఫాస్ట్ చార్జింగ్ చేస్తే బ్యాటరీ వేడెక్కి చార్జింగ్ వేగం పడిపోయేది. గొట్టాల్లో కూలెంట్ తిరిగే కార్లకు ఈ బాధ చాలా తక్కువ. వేడి ప్రాంతంలో తిరిగిన కారు కొంటున్నట్టయితే, కూలెంట్ లేని బ్యాటరీకి నేను రెండుసార్లు ఆలోచిస్తాను.

రీకాల్ చరిత్ర కూడా వెతకండి. రీకాల్ అనగానే చాలామంది ఆ కారే వద్దంటారు గానీ, ఒక్కోసారి లాభం అక్కడే ఉంటుంది. షెవర్లే బోల్ట్‌నే చూడండి. సెల్స్ తయారీలో వచ్చిన లోపాల వల్ల మంటలు అంటుకునే ప్రమాదం ఉందని 2021లో ఆ మోడల్ కార్లన్నిటినీ వెనక్కి పిలిచారు. చాలా కార్లకు బ్యాటరీ మాడ్యూళ్లు కొత్తవి వేసి, వాటికి కొత్తగా వారంటీ కూడా ఇచ్చారు. 2017 కారులో నాలుగైదేళ్ల తర్వాత చేసిన బ్యాటరీ ఉంటే, ఓడోమీటర్ చెప్పేదానికంటే అది పడుచు కారే. కాకపోతే రీకాల్ పని నిజంగా జరిగిందో లేదో కారు ఛాసిస్ నంబరుతో కంపెనీ దగ్గర సరిచూసుకోండి. నోటిమాట చాలదు.

సాకెట్ సంగతి చిన్నగా కనిపిస్తుంది గానీ కొంప ముంచుతుంది. టైప్ 1, టైప్ 2, సీసీఎస్, చాడెమో, జీబీ-టీ, టెస్లా మొదలుపెట్టిన ఎన్‌ఏసీఎస్ అని రకరకాలు. ఇంకో దేశం నుంచి తెచ్చిన కారు, లేదా చాడెమో లాంటి తగ్గిపోతున్న సాకెట్ ఉన్న కారు చవగ్గా వస్తుంటే కారణం అదే కావచ్చు. మీరు వెళ్లే దారుల్లో ఆ సాకెట్‌కి సరిపోయే తుపాకీ (కారుకి గుచ్చే చార్జర్ ప్లగ్) ఉన్న చార్జర్లు ఎన్నున్నాయో మ్యాప్‌లో లెక్కపెట్టండి.

బ్యాటరీ నాడి

స్క్రీన్ మీద కనిపించే "ఇంకా ఇన్ని కిలోమీటర్లు" అనే అంకెని నమ్మకండి. అది బ్యాటరీని కొలిచి చెప్పేది కాదు. ఈ మధ్య కారు నడిచిన తీరును బట్టి వేసే అంచనా. వారం రోజులు ఏసీ లేకుండా నలభై స్పీడులో తిప్పితే ముసలి బ్యాటరీ కూడా కుర్ర అంకె చూపిస్తుంది.

మీకు కావాల్సింది ఆరోగ్య శాతం. కొత్తలో వంద యూనిట్లు పట్టేది ఇప్పుడు ఎన్ని పడుతోంది అన్న లెక్క. కొన్ని కార్లు మెనూలోనే చూపిస్తాయి, చాలావాటిలో తవ్వాలి. కారు కంప్యూటర్‌లోని అంకెల్ని ఫోన్‌కి పంపే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ ఒకటి కొని స్టీరింగ్ కింద ఉండే పోర్టులో పెట్టి, ఫోన్‌లో యాప్ తెరిస్తే చాలు. లీఫ్‌కి లీఫ్‌స్పై, మిగతా చాలా కార్లకు కార్ స్కానర్ లాంటివి ఉన్నాయి. అడాప్టర్ మీ మోడల్‌తో పనిచేస్తుందో లేదో ముందే చూసుకోండి. "ఇది పెట్టొచ్చా?" అని యజమానిని అడగండి. నిక్షేపంలా ఉన్న కారు యజమాని సరదాగా పక్కన నిలబడి తనూ చూస్తాడు. నేను వదిలేసిన మొదటి కారు అక్కడే పోయింది. "అవన్నీ పెడితే వారంటీ పోతుందండీ" అన్నాడాయన. ఆ కారు వారంటీ అప్పటికే అయిపోయి ఏడాదైంది.

యాప్ తెరిచాక ఆరోగ్య శాతంతో ఆగిపోకండి. సెల్స్‌లో అన్నిటికన్నా ఎక్కువ వోల్టేజీకి, తక్కువ వోల్టేజీకి మధ్య తేడా చూడండి. బ్యాటరీ అంటే వరసగా కట్టిన బోలెడన్ని సెల్స్. వాటిలో ఒక్కటి నీరసపడితే మొత్తం బ్యాటరీ దాని దగ్గరే ఆగిపోతుంది. చార్జ్ నిండుగా ఉన్నప్పుడు ఈ తేడా దాక్కుంటుంది, 20 శాతం దగ్గరికి దిగాక బయటపడుతుంది. అప్పుడు కూడా ఇరవై ముప్పై మిల్లీవోల్టుల తేడా ఉంటే కంగారు లేదు. వంద దాటి, అదీ ప్రతిసారీ ఒకే సెల్ దగ్గర కనిపిస్తే ఏదో ఉంది. అందుకే కారును నిండా చార్జ్ చేసి ఉంచమని చెప్పకండి. సగానికి తక్కువ ఉంచమనండి.

ఈ అంకెలు కూడా కారు కంప్యూటర్ వేసుకున్న అంచనాలే. పాత లీఫ్‌లలో ఆ కంప్యూటర్ని రీసెట్ చేసి, స్క్రీన్ మీద బ్యాటరీ ఆరోగ్యం చూపించే పన్నెండు గీతల్లో తగ్గిపోయినవి మళ్లీ నిండుగా కనిపించేలా చేసి అమ్మినవాళ్లున్నారు. కొన్నాళ్లు నడిపాక ఆ గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. కాబట్టి మీ లెక్క మీరే వేసుకునే దారి ఒకటి ఉంది.

కారును 30 శాతం దగ్గర ఫాస్ట్ చార్జర్‌కి తీసుకెళ్లండి. 80 వచ్చేదాకా చార్జ్ చేయండి. ఆ డబ్బులు మీరే కట్టండి, అప్పుడు అడగడానికి మొహమాటం ఉండదు. చార్జర్ 19 యూనిట్లు ఎక్కాయని చూపించిందనుకుందాం. దారిలో వేడిగా పోయేది ఓ ఐదు శాతం తీసేస్తే బ్యాటరీలోకి వెళ్లింది 18. సగం బ్యాటరీకి 18 అంటే మొత్తానికి 36. కొత్తలో వాడుకోడానికి 39 యూనిట్లు దొరికే కారైతే ఆరోగ్యం 92 శాతం. ఇంట్లో ఏసీ కరెంటు చార్జర్ మీటరుతో చూస్తే పోయేది ఇంకాస్త ఎక్కువ, పది శాతం తీసేయండి. ఇది మందుల షాపు త్రాసంత కచ్చితం కాదు. కానీ యాప్ 95 చెప్పి, మీ లెక్క 78 చెప్తే అబద్ధం ఎక్కడో ఉన్నట్టే.

ఎంత తగ్గితే మామూలు? వేల వాహనాల డేటా చూసే జియోటాబ్ సంస్థ 2024లో సగటున ఏడాదికి 1.8 శాతం తగ్గుతోందని లెక్కగట్టింది. 2019లో అదే సంస్థ చెప్పిన అంకె 2.3. మొదటి ఒకటి రెండేళ్లలో కొంచెం గబగబా తగ్గి, తర్వాత నిదానిస్తుంది. ఐదేళ్ల కారుకి 88 నుంచి 92 ఉంటే సంతోషించండి. 80 దగ్గరుంటే కారణం అడగండి.

నా మూడో కారు కథ ఇక్కడ చెప్పాలి. ఐదేళ్ల కారు, ఓడోమీటర్ మీద 14 వేల కిలోమీటర్లే. సీట్ల మీద ప్లాస్టిక్ వాసన కూడా పోలేదు. యజమాని ఏడాదిలో చాలా నెలలు ఊళ్లో ఉండడు. వెళ్లేటప్పుడు నూరు శాతం నింపి, ప్లగ్ అలాగే ఉంచి, పైకప్పు లేని చోట కారు వదిలేసి వెళ్లేవాడు. అంత తక్కువ తిరిగిన కారుకి ఆరోగ్యం 79. లిథియం బ్యాటరీ తిరిగితే మాత్రమే కాదు, నిండు కడుపుతో ఎండలో ఊరికే కూర్చున్నా అరుగుతుంది. ఓడోమీటర్ చూసి మురిసిపోకూడదని నాకు నేర్పింది ఆ కారే. రోజూ నీడలో నిలిచి, నెమ్మదిగా చార్జ్ అయ్యి లక్ష కిలోమీటర్లు తిరిగిన కారు దానికంటే నయం కావచ్చు.

చార్జింగ్ మూత తెరవండి

టార్చ్ తీసుకెళ్లండి. సాకెట్ లోపల పిన్నులు ఒక్కొక్కటీ చూడండి. నా రెండో కారులో టైప్ 2 సాకెట్, ఏడు పిన్నులు. ఆరు వెండిరంగులో మెరుస్తున్నాయి. ఏడోది టీ మరక పడ్డట్టు గోధుమరంగులో ఉంది, దాని చుట్టూ ఉన్న నల్ల ప్లాస్టిక్ అంచు కాస్త మెత్తబడి గుండ్రంగా కరిగింది. వదులు కనెక్షన్ మీద చాన్నాళ్లు చార్జ్ చేస్తే వచ్చే గుర్తు అది. "దుమ్మండీ అది" అన్నాడు యజమాని. గుడ్డతో తుడిస్తే పోని దుమ్ము.

తర్వాత రెండు రకాలుగానూ చార్జ్ చేసి చూడండి. మామూలు ఏసీ కరెంటు చార్జర్‌కి పెట్టాక తుపాకీ లాక్ పడాలి, కారు లోపలే ఉండే ఆన్‌బోర్డ్ చార్జర్ సామర్థ్యానికి దగ్గరగా తీసుకోవాలి. 6.6 కిలోవాట్ల కారు మూడు దగ్గరే ఆగిపోతుంటే, ముందు చార్జర్‌ని అనుమానించి ఇంకోచోట చూడండి, అక్కడా అంతే అయితే కారును అనుమానించండి. ఫాస్ట్ చార్జర్‌కి అరగంట నడిపి, బ్యాటరీ కాస్త వేడెక్కాక, తక్కువ చార్జ్‌తో వెళ్లండి. చల్లటి బ్యాటరీతోనో, 80 శాతం చార్జ్‌తోనో వెళ్తే ఏ కారైనా నెమ్మదిగానే తీసుకుంటుంది.

కిందా, చుట్టూ

బ్యాటరీ కారు అడుగున పరిచిన పలకలా ఉంటుంది. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి కారు కింద ఈ చివర నుంచి ఆ చివరకు జరపండి. గీతలు ఫర్వాలేదు. లోపలికి నొక్కుకున్న సొట్ట, పగిలిన అంచు, జాకీ తప్పు చోట పెట్టిన గుండ్రటి గుర్తు ఉంటే ఆగండి. బ్యాటరీ పెట్టె సొట్టపడితే వారంటీ వర్తించదనే కంపెనీలే ఎక్కువ.

నీళ్లలో మునిగిన కారా అన్నది గట్టిగా చూడండి. కార్పెట్ ఎత్తండి, సీటు పట్టాల కింద వేలు పెట్టి బురద తగులుతుందేమో చూడండి, సీటు బోల్టుల తుప్పు చూడండి. ఉప్పునీరైతే మరీ ప్రమాదం. 2022లో ఇయాన్ తుపాను తర్వాత ఫ్లోరిడాలో సముద్రపు నీటిలో మునిగిన ఎలక్ట్రిక్ కార్లు కొన్ని, నీళ్లు తీసిన తర్వాత రోజుల్లో తగలబడ్డాయి. మునిగిన కారును ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు. చూసేటప్పుడు నారింజ రంగు వైర్లు మాత్రం ముట్టుకోకండి, అవి వందల వోల్టులవి.

టైర్లు, బ్రేకులు పెట్రోలు కారులాగే చూడొచ్చు, రెండు తేడాలతో. ఈ కార్లు బరువెక్కువ, లాగుడెక్కువ కాబట్టి టైర్లు త్వరగా అరుగుతాయి, కొత్త సెట్ ధర లెక్కలో వేసుకోండి. బ్రేకులు దీనికి ఉల్టా, అరగవు సరే, వాడక తుప్పు పడతాయి. స్లో అయ్యేటప్పుడు మోటారే బండిని ఆపుతూ బ్యాటరీలోకి కరెంటు పంపుతుంది కాబట్టి ప్యాడ్లకు పని తక్కువ. డిస్కుల మీద లోతైన తుప్పు గాట్లున్నాయేమో, బ్రేకు ఒక పక్కకి లాగుతోందేమో చూడండి.

ఏసీని సుఖం కోసమే అనుకోకండి. కూలెంట్‌తో చల్లబరిచే కార్లు చాలావాటిలో బ్యాటరీని చల్లబరిచేది కూడా ఆ కంప్రెసరే. "గ్యాస్ కొడితే సరిపోతుందండీ" అంటే, ఆ గ్యాస్ ముందు కొట్టించి చూపించమనండి.

పెద్ద బ్యాటరీ కాక చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఇంకోటి ఉంటుంది. తలుపులు, స్క్రీన్, పెద్ద బ్యాటరీని కలిపే స్విచ్చి అన్నీ దాని మీదే. అది నీరసిస్తే కారు ఏవేవో వార్నింగులు చూపిస్తుంది, ఒక్కోసారి లేవనే లేవదు. ఖరీదు తక్కువ. ఎప్పుడు మార్చారో అడగండి, నాలుగేళ్లు దాటితే మార్చుకోడానికి సిద్ధపడండి.

నడిపేటప్పుడు పాటలు ఆపి, అద్దాలు దించి, 20 నుంచి 40 స్పీడు మధ్య చెవి పెట్టండి. సన్నటి ఈల మామూలే. స్పీడుతోపాటు పెరిగే గరగర ఉంటే బేరింగు, బండి తిప్పుతూ యాక్సిలరేటర్ తొక్కితే టకటక వస్తే యాక్సిల్ జాయింటు. ఆ తర్వాత గతుకుల రోడ్డు మీదికి పోనివ్వండి. బరువుకి ముందుగా లొంగేవి సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లే.

కాగితాలు, పాస్‌వర్డ్‌లు

చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా లక్షా 60 వేల కిలోమీటర్లు, ఆలోపు ఆరోగ్యం 70 శాతం కంటే దిగితే బాధ్యత మాది అని రాసిస్తాయి. ఆ గడియారం మొదలయ్యేది కారు మొదటిసారి అమ్ముడైన రోజున, మీరు కొన్న రోజున కాదు. రెండో యజమానికి అది బదిలీ అవుతుందా, సర్వీసులు మానేస్తే రద్దవుతుందా అన్నది వారంటీ పుస్తకంలోనే చదవండి. ఏడున్నరేళ్ల కారుకి 72 శాతం ఉంటే చాలా ఇబ్బందికరమైన చోట ఉన్నట్టు, వారంటీ ముగిశాకే అది 70 దిగుతుంది.

బ్యాటరీ నిజంగా అమ్మేవాడిదేనా అని కూడా అడగాలి. నవ్వకండి. యూరప్‌లో తొలి రెనో జోయ్‌లు చాలావరకు కారు మాత్రమే అమ్మి, బ్యాటరీని నెలవారీ అద్దెకిచ్చినవి. అలాంటి కారు కొంటే అద్దె మీ నెత్తిన పడుతుంది. బ్యాటరీ మార్చారంటే ఎవరు మార్చారో, కొత్తదా బాగుచేసినదా బిల్లు చూడండి. కారుతో వచ్చిన చార్జింగ్ కేబుల్, రెండో తాళం కూడా అడిగి తీసుకోండి.

సాఫ్ట్‌వేర్ ముసలితనం మరో రకం. పాత టెస్లా మోడల్ ఎస్, ఎక్స్ కార్లలో 8 జీబీ మెమరీ చిప్ అరిగిపోయి స్క్రీన్లు చచ్చిపోతుంటే, 2021లో దాదాపు లక్షా 35 వేల కార్లను రీకాల్ చేశారు. 3జీ నెట్‌వర్కులు మూతపడ్డ చోట్ల పాత కార్ల ఫోన్ యాప్‌లు మూగబోయాయి. యాప్ పనిచేస్తుందా, దానికి ఏటా చందా కట్టాలా అన్నది బేరానికి ముందే తెలుసుకోండి.

బేరం అంటే, మీ దగ్గర ఇప్పుడు రాసుకున్న కాగితం ఉంది. ఆరోగ్య శాతం, టైర్ల లోతు, 12 వోల్టుల బ్యాటరీ వయసు, వారంటీకి మిగిలిన నెలలు. నా నాలుగో కారుకి నేను ధర గురించి వాదించలేదు, ఆ కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయనే రెండుసార్లు చదివి, టైర్ల డబ్బు తగ్గించాడు.

డబ్బు మొత్తం ఒకేసారి ఇచ్చేయకండి. ముందు అమ్మేవాణ్ణి తన అకౌంటు నుంచి కారును తీసేయమనండి, కారులో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టించండి. లేకపోతే ఆయన ఫోన్‌లో మీ కారు ఎక్కడుందో కనిపిస్తూనే ఉంటుంది, తలుపు కూడా తెరవగలడు. తర్వాత మీ అకౌంటులో కారు కలుపుకుని, పది అడుగులు దూరం నడిచి, మీ ఫోన్ నుంచి లాక్ నొక్కండి. లైట్లు మినుకుమని అద్దాలు ముడుచుకున్నాక మిగతా డబ్బు పంపండి.